నీ పాలు నీకే

అంకమ్మరావు ఇవాళ్టికీ నేను రోడ్డు మీద కనబడితే కారు ఆపుతాడు. అద్దం దించి, "ఏరా జక్రయ్యా, బాగుండావా?" అంటాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు. తిట్టేవాడైతే నేనూ తిట్టి ఊరుకునేవాణ్ణి. నా కొంప తీసినవాడు నవ్వుతూ పలకరిస్తుంటే ఏం చెయ్యను? "బాగున్నానండీ" అంటాను. ఆ 'అండీ' నా నోట్లోంచి ఎట్లా ఊడిపడుతుందో నాకే తెలియదు. కారు కదిలాక ఉమ్మేస్తాను.

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. చదువు లేక మాట అర్థం చేసుకోలేకపోయాడని నా గురించి ఊళ్ళో అన్నారు. ఆ ఏడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా తెలివి తక్కువో, ఆయన తెలివి ఎక్కువో చదివినవాళ్ళే చెప్పండి.

మా ఊరు చిలకలూరిపేటకీ అద్దంకికీ నడుమ ఉంటుంది. నల్లరేగడి. మిరప, పత్తి తప్ప మాకింకో లోకం లేదు. అంకమ్మరావు పొలంలో రెండెకరాలు నేను కౌలుకి చేస్తున్నాను. దానికి ఆనుకునే మా నాన్న కొన్న ముప్పైఎనిమిది సెంట్ల చిన్న నేలచెక్క ఉంది. నాదంటూ ఉన్నది అదొక్కటే. ఆ చెక్కకి అవతల రంజాన్ వాళ్ళ అరెకరం అమ్మకానికి వచ్చింది. ఆ రెండూ కలిస్తే ఒక చేను అవుతుంది. బోరు వేసుకోవచ్చు. కౌలు వదిలేసి, ఎవరికీ తల వంచకుండా నా మిరప నేను పండించుకోవచ్చు. ఆ రోజుల్లో నేను నిద్రలేచేది ఆ అరెకరం కోసమే.

వానాకాలం చివర్లో, మేం మిరప నారు నాటుతుంటే అంకమ్మరావు చేలోకి వచ్చాడు. వెనకాల ఆయన పాలేరు బుల్లయ్య. ముసలివాడు, అంకమ్మరావు నాన్న కాలం నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నవాడు.

"ఒరేయ్ జక్రయ్యా, నీ పెళ్ళాం చెయ్యి గొడ్డుకి మంచిదంటగా?"

"ఏదో, మీ దయండి."

"నా దయేందిరా, ఊరంతా అనుకుంటుంటే. మా ఒంగోలావు ఇయ్యాలో రేపో ఈనిద్ది. మా ఇంట్లో చూసేవాళ్ళు లేరు. బుల్లయ్యకి నడుం వంగట్లా. మీ కొష్టంలో కట్టేస్తా, మేపు."

ఆ ఆవు సంగతి అందరికీ తెలిసిందే. అంకమ్మరావుకి బండలాగుడు పందేల పిచ్చి. తిరునాళ్ళ ఎక్కడైతే అక్కడ ఆయన ఎడ్లు ఉండాల్సిందే. పేరుమోసిన ఆబోతుని వెతికి వెతికి దాటించాడు ఆ ఆవుని. కోడెదూడ పుడితే దాని ధర ఎంత పలుకుతుందో పుట్టకముందే టీకొట్టులో లెక్కలు కడుతున్నారు.

"మేపుతానండి. మరి నాకేందండి?" అన్నాను. నారు కట్ట చేతిలోనే ఉంది.

అంకమ్మరావు నవ్వాడు. "నీకేందంటావేరా? నీ పాలు నీకే. నేనేం అడగను. బుల్లయ్యే సాక్షి."

బుల్లయ్య తలూపాడు.

గొడ్డుని పాలికి మేపడం మా పేటలో తాతలనాటి పద్ధతి. గొడ్డు ఆసామిది. మేత, చాకిరీ మనవి. పుట్టినదాంట్లో మనకొక పాలు, అంటే సగం. ఎవరూ కాగితం రాసుకోరు. మా అత్తగారింటి గేదె అట్లా వచ్చిందే. మా నాన్న ఆ చెక్క కొన్నదీ పాలికి మేపిన మేకలతోనే. చేలోంచి ఇంటికి నడుస్తూ ఆ కోడెదూడలో నా సగాన్ని రంజాన్ అరెకరం మీద పరిచేసుకున్నాను.

ఆవు వానలో ఈనింది. తెల్లవారుతుండగా, జయకుమారి గొడుగు కూడా లేకుండా కొష్టంలో నిలబడి, "కోడెదూడయ్యా!" అని కేక పెట్టింది. తెల్లటి దూడ. చెవుల అంచులు నల్లగా, కాటిక పెట్టినట్టున్నాయి. అంకమ్మరావుకి ఫోన్ చేశాను.

"మాయ పడేదాకా దూడని పొదుగు ముట్టనీయొద్దు," అన్నాడు. "జున్నుపాలు క్యానులో పోసి పంపు. మా ఇంట్లో అడుగుతున్నారు."

జయకుమారి ఆ మాట విని మూతి తిప్పింది. "పుట్టినబిడ్డ ఆకలి ముందా, వాళ్ళ జున్ను ముందా?" అని, దూడని ఎత్తి పొదుగు దగ్గర పెట్టింది. అది తలతో రెండుసార్లు కుమ్మి, చన్ను దొరకబుచ్చుకుంది. తోక ఆడింది. దాని కడుపు నిండాక మిగిలింది క్యానులో పోసి పంపాం.

దూడకి పేరు పెట్టింది నేనే. సమ్సోను. చర్చిలో చిన్నప్పుడు విన్న కథల్లో నాకు బాగా గుర్తున్నది ఆ ఒక్కడే, స్తంభాలు లాగి కూల్చినవాడు. బండ లాగడం వాడికో లెక్కా? మిరపచేలో కలుపుకొచ్చే ఆడవాళ్ళు మా వాకిట్లో ఆగి ఎగతాళి చేసేవాళ్ళు.

"ఏం జక్రయ్య బావా, సమ్సోనుగారు పాలు తాగారా?"

"తాగారు."

"సగం నీదంటగా. ముందు సగమా, వెనక సగమా?"

"ముందుదే."

"అయితే మేపే సగం నీది, బండలాగే సగం ఆయనది!"

నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

నెల తిరక్కుండానే దూడ ఎండుగడ్డి పరకలు నోటికి పెట్టుకోవడం మొదలెట్టింది. తినడానికి కాదు, తల్లి చేస్తోందని చేసేది. అప్పుడే అంకమ్మరావు చూడ్డానికి వచ్చాడు. బుల్లయ్య కారులోంచి కొత్త నైలాను చిక్కం తీసుకుని దిగాడు. పసిగొడ్డు మూతికి కట్టే బుట్టలాంటి వల అది.

"ఇది కట్టరా," అన్నాడు అంకమ్మరావు.

"ఎందుకండి? ఇంకా గడ్డే సరిగ్గా తినట్లా."

"మన్ను తింటది. కడుపులో పురుగులు పడతయ్. ఇంకోటి చెబుతా విను. గడ్డి తిన్న దూడకి పొట్ట జారిద్ది. పొట్ట జారితే బండేం లాగిద్ది? రేపు పాలపళ్ళ పందేనికి దించితే జనం ముందు దాని డొక్క చూస్తారు. డొక్క లోపలికుండాల, రొమ్ము బయటికుండాల. నా పెద్దకోడెలు ఎట్టా ఉండయ్యో చూళ్ళా?"

ఆయన పెద్దకోడెలు ఆయన కొనుక్కొచ్చినవే తప్ప పుట్టినప్పటినుంచి పెంచినవి కావు. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు. పందేల్లో కప్పులు గెలిచిన మనిషి చెబుతున్నాడు, నేను వింటున్నాను.

"పాలెన్ని తాగుతుంది?"

"అన్నీ దానికేనండి. చుక్క కూడా పిండట్లా."

"శభాష్. అట్టా ఉండాల," అని నా భుజం తట్టాడు. ఆయన నన్ను ముట్టుకున్నది అదే మొదటిసారి. "నాటుకోడిగుడ్డు కూడా కొట్టి పొయ్యి. బుల్లయ్య వచ్చి గొట్టంతో పొయ్యడం నేర్పుతాడు."

బుల్లయ్య రెండు పొద్దులు వచ్చాడు. వెదురుగొట్టం చివర నున్నగా చెక్కి తెచ్చాడు. నేను దూడ తల ఎత్తి పట్టుకుంటే ఆయన గొట్టం దవడ సందున పెట్టి పాలూ గుడ్డూ కలిపి పోసేవాడు. దూడ గుటకలు మింగేది, కాళ్ళు తన్నుకునేది. "అలవాటైద్దిలే," అనేవాడు ముసలాయన, దాని గంగడోలు నిమురుతూ. తరవాత ఆ పని నేనే చేశాను.

ఇక ఇంట్లో గొడవ మొదలైంది. జయకుమారికి పాల మీద కన్ను.

"పొద్దుటిపూట రెండు లీటర్లు కేంద్రంలో పోద్దామయ్యా. మిరపకి మందు కొట్టాలిగా, ఆ ఖర్చుకి వచ్చిద్ది. సందేల పాలు దూడకి వదులుదాం."

"ఆ దూడలో సగం మనదే. మన సగానికి మనమే నోరు కట్టుకుంటామా?"

"నోరు కట్టింది నువ్వేగా," అంది చిక్కం వైపు చూపించి.

నేను నవ్వి ఊరుకున్నాను. చలికాలమంతా ఇంట్లో ఆవుని పెట్టుకుని మేం పాలు లేని డికాషను తాగాం. తామరపురుగు మిరప పూతని పీల్చేస్తుంటే అప్పుకి మందు తెచ్చి కొట్టాం. ఆవు ముందు మాత్రం పత్తిగింజలు, తవుడు తగ్గనివ్వలేదు. ఆవు తింటే పాలు, పాలుంటే సమ్సోను, సమ్సోను ఉంటే అరెకరం. అదీ నా లెక్క.

దూడ మాత్రం ఏం పెరిగిందనుకున్నారు! మెడ బలిసింది. ఒళ్ళు వెన్న రాసినట్టు మెరిసేది. దారినపోయే లారీవాళ్ళు కూడా ఆగి సెల్లులో ఫొటోలు తీసుకునేవాళ్ళు. సంక్రాంతి వెళ్ళి కోతలు ముమ్మరంగా సాగుతున్నప్పుడు, ఒక మధ్యాహ్నం జయకుమారి కొష్టం గడపలో కూర్చుని చాలాసేపు దాన్నే చూసింది. అన్నానికి పిలిచినా కదల్లేదు.

"ఏందే అట్టా చూస్తన్నావు?"

"మన దూడ నెమరెయ్యట్లేదయ్యా."

"పసిదిగా."

"జైతున్‌బీ వాళ్ళ గేదెదూడ దీనికంటే చిన్నది. పొట్ట కుండలాగేసుకుని, వాళ్ళ గోడకింద పడుకుని ఎంత బాగా నెమరేస్తందో. మనది పొద్దస్తమానం నాకుతది. గోడ నాకుతది, తాడు నాకుతది, వాళ్ళమ్మ ఒళ్ళు నాకుతది. చిక్కం సందులోంచి నాలిక పెట్టి నా చీరకొంగు లాగిద్ది. దీనికేదో కావాలయ్యా."

నాకూ మనసులో ఏదో గుచ్చుకుంది. ఆమె ముందే అంకమ్మరావుకి ఫోన్ చేసి, ఆమెకి వినబడేట్టు పెట్టాను.

"నెమరా?" అన్నాడాయన. "నెమరేసేది ముసలెద్దురా. పని లేనోడు తిన్నది తల్చుకున్నట్టు. నా దూడకి నెమరెందుకు? చిక్కం తియ్యబాకండి. శివరాత్రి దాటాక నేనొచ్చి చూస్తా."

నా దూడ అన్నాడు. జయకుమారి ఆ మాట పట్టుకుంది. "విన్నావా?" అంది.

"మాటవరసకి అన్నాడే."

ఆ మర్నాడు ఆమె చిక్కం విప్పి గుప్పెడు పచ్చగడ్డి పెట్టింది. నేను చూసి మళ్ళీ కట్టాను. నేను కట్టకపోతే అంకమ్మరావు కట్టేవాడు. ఆయన చెప్పినట్టు చెయ్యకపోతే రేపు దూడ డొక్క జారిందని నా సగానికి గండి కొడతాడు. కౌలుదారుడికి తెలిసిన చదువు అదే: ఆసామి తప్పు చెబితే ఆ తప్పు చెప్పినట్టే చెయ్యాలి.

శివరాత్రి వెళ్ళింది. ఎండలు ముదురుతున్నాయి. మా కళ్ళంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. అంకమ్మరావు ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. వినుకొండ వైపు ఆసామి, తెల్లచొక్కా, చేతికి కడియం. ఎడ్ల బేరగాడని చూడగానే తెలిసింది. ఆయన దూడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, వెన్నుమీద చెయ్యి వేసి నొక్కాడు.

"రూపం బ్రహ్మాండం," అన్నాడు. "సత్తువే కొంచెం అనుమానంగా ఉంది. మెత్తగా ఉందండీ ఒళ్ళు. దాణా పట్టలేదా?"

అంకమ్మరావు మొహం మాడింది. నావైపు తిరిగి, "ఉలవలున్నయ్యంట్రా?" అన్నాడు.

"ఆవుకి ఉడకేసినవి ఉన్నయ్యండి. దీనికి ఎప్పుడూ పెట్టలా."

"పట్రా."

గంప తెచ్చాను. ఆయనే వంగి చిక్కం విప్పాడు. ఆ చేత్తోనే గంప దాని ముందుకి తోశాడు. దూడ ముందు వాసన చూసింది. తరవాత మూతి ముంచింది. ఇన్ని నెలలుగా నాలుక చాచి చాచి దేనికోసం వెతికిందో అదే దొరికినట్టు తిన్నది. జయకుమారి, "చాలండీ, అలవాటు లేని కడుపు," అంది. వినుకొండ ఆసామి నవ్వి, "తిననీయమ్మా, మగాడు," అన్నాడు. గంప అడుగు నాకేదాకా ఎవరూ తియ్యలేదు. పైన ఇంకో చేటెడు బుల్లయ్య చేత పోయించాడు అంకమ్మరావు, బేరగాడు చూస్తున్నాడు కదా మరి.

వాళ్ళు కారెక్కి వెళ్ళిపోయారు. మిట్టమధ్యాహ్నానికి దూడ ఎడమ డొక్క లేవడం మొదలైంది. నున్నగా, బిర్రుగా, వేలితో కొడితే డప్పులా మోగింది. నూనె పోశాం. నోట్లో అడ్డంగా కర్ర కట్టాం. పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే డాక్టరమ్మ వేరే ఊళ్ళో టీకాల క్యాంపులో ఉంది, బయల్దేరుతున్నానంది. దూడ నిలబడలేక మోకాళ్ళ మీద పడింది. జయకుమారి దాని తల ఒళ్ళో పెట్టుకుంది. అంకమ్మరావుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎండ ఇంకా కళ్ళం మీదే ఉంది, సమ్సోను చచ్చిపోయాడు.

డాక్టరమ్మ వచ్చేసరికి అంకమ్మరావు కూడా వచ్చాడు. ఆమె పేరు ఆయేషా. చిన్నపిల్ల, ఉద్యోగంలో కొత్తగా చేరింది. "ఎందుకు పోయిందో తెలియాలి, కొయ్యండి," అన్నాడు అంకమ్మరావు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. కాలవగట్టు పక్కకి లాగాం. ఆమె చేతులకి తొడుగులు వేసుకుని కూర్చుంది.

కడుపు తెరవగానే పుల్లటి నురగ పొంగింది. ఉలవలు ఉలవలుగానే ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఆమె రెండు ఉండలు తీసింది. నిమ్మకాయలంత. నేనేదో కాయలనుకున్నాను.

"వెంట్రుకలండి," అంది. "తల్లి ఒళ్ళు నాకి నాకి మింగింది."

తరవాత ఆ పెద్దపొట్టని నీళ్ళతో కడిగి, లోపలివైపు పైకి తిప్పింది.

"బోటి తింటారా మీరు?"

"తింటామండి."

"శుభ్రం చేసిన బోటి లోపల ఎట్లా ఉంటుంది?"

"టర్కీ తువాలులాగండి. నూగు నూగుగా."

"ఇది ముట్టుకుని చూడండి."

ముట్టుకున్నాను. పాలిథిన్ సంచీ లోపల చెయ్యి పెట్టినట్టుంది. పల్చగా, తెల్లగా, నున్నగా. గోరు తగిలితే చిరుగుతుందేమో అనిపించింది. అంత పెద్ద ఒంట్లో అది మాత్రం పుట్టినరోజు దూడదే.

"పుట్టినప్పుడు అన్నిటికీ ఇట్లాగే ఉంటుంది," అంది ఆమె. "దూడ కడుపులో నాలుగు గదులున్నా, మొదట్లో పనిచేసేది చివరిదొక్కటే. చన్ను చీకితే పాలు ఈ పెద్దపొట్టలో పడకుండా, పక్కనుంచి సన్నకాలవ లాంటి దారిలో నేరుగా దాన్లోకి పోతాయి. ఇది ఉట్టి సంచీ. కొంచెం దాణా, కొంచెం గడ్డి నోటికి తగులుతుంటే, అది ఇక్కడ పులిసి, ఆ పులుపుకి ఈ నూగు మొలుస్తుంది. గోడ గట్టిపడుతుంది. నెమరు వస్తుంది. ఇదంతా వయసుతో దానంతటది వచ్చేది కాదండీ. తింటేనే వస్తుంది. దీనికి చిక్కం ఎప్పుడు కట్టారు?"

"నెల తిరక్కముందండి."

ఆమె నా వంక చూసింది. తిట్టలేదు. "గొట్టంతో పోసేవాళ్ళా?" అంది.

"పాలూ గుడ్డూ పోసేవాళ్ళమండి."

"బలవంతంగా పోస్తే ఆ కాలవ అంచులు కలిసి గొట్టంలా మూసుకోవు. పాలు ఇందులో పడి కుళ్ళుతాయి." చేతులు కడుక్కుంటూ లేచింది. "లేని కడుపులో గంపెడు ఉలవలు పడ్డాయి."

"అంటే పాలెక్కువై పోయిందంటారు," అన్నాడు అంకమ్మరావు రుమాల్లోంచి.

"పాలు తప్ప ఇంకోటి లేక పోయిందండి. పైగా ఒక్కసారిగా..."

"పాలెక్కువై," అన్నాడాయన, ఆమె మాట పూర్తికాకుండానే బుల్లయ్య వైపు తిరిగి. "విన్నావుగా?"

ఆ రాత్రి గడిచింది. తెల్లవారి ఆవు చేపలేదు. జయకుమారి ఎంత నిమిరినా పాలు దించలేదు. అది గడప వైపే చూస్తూ అరిచింది. పొద్దెక్కాక అంకమ్మరావు మనిషి వచ్చి ఆవుని తోలుకుపోయాడు. నన్ను సాయంత్రం కళ్ళం దగ్గరికి రమ్మన్నాడని చెప్పాడు.

ఆయన కళ్ళం మాది లాంటిది కాదు, సిమెంటు గచ్చు. మిరపకాయలు నడుమెత్తున కుప్పలు పోసి టిక్కీ సంచులకి ఎత్తుతున్నారు. పంచాయితీకి కూర్చున్న పెద్దమనుషులంతా ఆ ఘాటుకి ఒకళ్ళ తరవాత ఒకళ్ళు తుమ్ముతున్నారు. నేనూ జయకుమారీ నిలబడ్డాం.

"దూడ మన ఇద్దరిదీ కాబట్టి నష్టం కూడా ఇద్దరిదేనండి," అన్నాను. నేను వెళ్ళింది ఆ మాట చెప్పడానికే. నా సగం పోయిందని ఏడుస్తూనే వెళ్ళాను. దానికి మించి పోయేదేముంటుంది అనుకున్నాను.

అంకమ్మరావు నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "ఇద్దరిదేందిరా? నీకు దూడలో పాలెవడిచ్చాడు?"

"మీరేగదండీ. నారు నాటేరోజు. నీ పాలు నీకే అన్నారు."

"అన్నా. ఆవు పాలు. పేటలో లేనోడు, గుక్కెడు పాలు తాగుతాడని అన్నా. పిండుకోమన్నా, అమ్ముకోమన్నా, తాగమన్నా. దూడకెవడు పొయ్యమన్నాడురా?"

కుప్పల దగ్గర ఎవరో నవ్వారు. పాలు. ఆ మాట నేను ఎన్ని నెలలు నోట్లో వేసుకుని తిరిగానో. అది రెండు ముక్కలై ఉందని, నేను ఒక ముక్కే చప్పరిస్తున్నానని అప్పుడు తెలిసింది. నేను ఆయన అర్థంలో తీసుకునుంటే పాలు పిండి కేంద్రంలో పోసేవాణ్ణి. కడుపు నిండని దూడ గడ్డి కోసం గుంజుకునేది. ఏ జయకుమారో చిక్కం విప్పేది. బతికేది.

"మరి జున్నుపాలు ఎందుకు తెప్పించుకున్నారండి, పాలు నావైతే?" అన్నాను.

"జున్ను తినడానికి కూడా నీ దగ్గర పర్మిషను తీసుకోవాలంట్రా?" అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు, తుమ్మారు.

"అన్నీ దానికేనండి అంటే మీరేగా శభాష్ అన్నది. నా భుజం తట్టలా?"

"నేనా?"

పెద్దల్లో ఒకాయన బుల్లయ్యని పిలిచాడు. "చెప్పవయ్యా. సాక్షివి నువ్వేనంటగా. ఏమన్నాడు మీ ఆసామి?"

బుల్లయ్య తలగుడ్డ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. "నీ పాలు నీకే అన్నారండి."

"ఏ పాలు?"

"పాలనే అన్నారండి. ఏ పాలో అన్లేదు."

జయకుమారి నా పక్కనుంచి ముందుకెళ్ళింది. "బుల్లయ్య బాబాయ్," అంది మెల్లగా. "మా కొష్టంలో దూడకి పాలు పోసేటప్పుడు గొట్టం పట్టుకున్నది నువ్వు. ఎవరు పంపితే వచ్చావు?"

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె వంక చూడలేదు. మిరపకుప్ప వైపు చూశాడు.

"ఘాటమ్మా," అన్నాడు. "ఘాటుకి మాట రావట్లా."

అంతే. ఇంకెవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. దూడకి పాలెక్కువ పోసి చంపింది నేనని డాక్టరమ్మే చెప్పిందన్నారు. చిక్కం మన్ను తినకుండా కట్టమన్నాడు గానీ గడ్డి పెట్టొద్దన్నాడా అన్నారు. ఉలవల గంప మోసుకొచ్చింది ఎవరన్నారు. వినుకొండ ఆసామి ఎంత ఇస్తానన్నాడో అంకమ్మరావు చెప్పాడు. నాకు తెలియని అంకె. ఆ ఆసామిని ఎవరూ పిలిపించలేదు.

"అంత ఇచ్చుకోలేడుగా," అని అంకమ్మరావే జాలిపడ్డాడు. "నా చేని పక్కన ఆడి చెక్కుంది. రాసిచ్చేస్తే చెల్లుకి చెల్లు. కౌలు యథాప్రకారం చేసుకోమనండి, నేనేం కాదనను."

కౌలు చేలో రెండోకోత కాయ చెట్టుమీదే ఉంది. ఆ ఏడాది అప్పులన్నీ ఆ కాయలోనే ఉన్నాయి. కాదంటే రేపు ఆ చేలోకి నన్ను అడుగుపెట్టనివ్వడు. ఈ సంగతి అక్కడ ఎవరూ పైకి అనలేదు. అనక్కర్లేదు.

"ఏమంటావే?" అన్నాను జయకుమారితో.

"నన్నడుగుతన్నావా?" అంది. చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఎవరికోసమూ ఆగకుండా ఇంటికి నడిచిపోయింది.

రిజిస్ట్రారు ఆఫీసుకి ఆయన కారులోనే తీసుకెళ్ళాడు. దారిలో టిఫిను పెట్టించాడు. రంజాన్ వాళ్ళ అరెకరం ఆ వేసవిలో ఆయనే కొన్నాడు. జయకుమారి చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో కుదిరింది. పొద్దున్నే ఆటో ఎక్కితే చీకటిపడ్డాక వస్తుంది, జుట్టంతా దూది. ఇంట్లో మేమిద్దరం ఆ రోజు సంగతి ఎప్పుడూ ఎత్తుకోలేదు. అసలు ఏ సంగతీ ఎక్కువగా ఎత్తుకోం.

తొలకరికి దుక్కి మొదలైంది. మా నాన్న చెక్కకీ ఆయన పొలానికీ మధ్య గట్టు ఉండేది. ట్రాక్టరు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగేది. ఇప్పుడు గట్టు లేదు. నేను కౌలు చేలో నిలబడి చూస్తుంటే ట్రాక్టరు ఆగకుండా, తిరక్కుండా, రంజాన్ వాళ్ళ చివరి చాలుదాకా ఒకే గీతగా దున్నుకుంటూ పోయింది. ఆ దుక్కిలో నాది ముప్పైఎనిమిది సెంట్లు.